ఉన్నది ఉన్నట్టు రాసిన కామాక్క

పాత క్లారినెట్ పెట్టె మూత తీయగానే కామాక్క ముక్కు మూసుకుంది. ఎవరో ఏళ్ల తరబడి ఊదిన ఎంగిలి మూతి దగ్గర పచ్చగా పెచ్చుకట్టి ఉంది. గుడ్డతో గీకుతుంటే పొద్దున తాగిన టీ గొంతుదాకా వచ్చింది.

ఇరవై రెండేళ్లు ఆమె అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. కామా తప్పినా ఊరుకోదని అక్కడివాళ్లు పెట్టిన పేరు, మెల్లగా ఇంటిదాకా వచ్చి స్థిరపడిపోయింది. అచ్చాఫీసు మూతపడ్డాక తమ్ముడు పిలిచాడు. అతనిది పాత వాయిద్యాల కొట్టు. జనం ఫోన్లో చూసే కొంటున్నారు కాబట్టి ఒక్కోదానికీ ఫొటోలు తీసి, కింద నాలుగు ముక్కలు రాసిపెట్టే మనిషి కావాలి.

"నీకు భాష వచ్చు, నాకు బేరం వచ్చు. ఇంకేం కావాలక్కా?" అన్నాడు.

వెనక గదికి కిటికీ లేదు. గోడకు తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు సరుకు పెట్టి ఫొటో తీయాలి. ట్రంపెట్ వంచితే ఎవరి ఉమ్మో నల్లగా బల్ల మీదికి కారేది. కీబోర్డు మెట్ల సందుల్లో జిడ్డు. వయొలిన్ పెట్టె అడుగున బొద్దింక గుడ్లు. ఇంటికెళ్లి సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నా ఆ చేత్తో ముద్ద నోట్లో పెట్టుకోవాలంటే చీదరగా ఉండేది.

అంతకన్నా రోత, తమ్ముడు రాయించే మాటలు. 'ఒకే చేతి మీద వాడినది.' 'కొత్తదానికి ఏమాత్రం తీసిపోదు.' మెడ విరిగి అతికించిన గిటారును పగులు కనబడకుండా పక్కకు తిప్పి ఫొటో తీయించేవాడు. నోరు మెదిపితే, "నువ్వు రాసేది అమ్మకం అక్కా, ఆత్మకథ కాదు" అనేవాడు.

ఒకరోజు అకార్డియన్ వచ్చింది. మెడకు తగిలించుకుని, తిత్తి సాగదీస్తూ వాయించే పెట్టె. తిత్తి తెరిస్తే మడతమడతకీ బూజు, మధ్యలో చచ్చి ఎండిన చిట్టెలుక. ఆమె బయటికి పరుగెత్తి వాంతి చేసుకుంది. తిరిగొచ్చి, ఎలుకను పారేసి, పైపైన తుడిచి, 'లోపలా బయటా శుభ్రంగా ఉంది' అని రాసింది. తమ్ముడు చెప్పాడనే రాసింది. కామాలు మాత్రం సరిగ్గానే పెట్టింది.

అది అమ్ముడుపోయిన తొమ్మిదో రోజు, కొన్న పెద్దాయన దాన్ని దుప్పట్లో చుట్టి భుజాన మోసుకొచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవరట. బల్ల మీద పెట్టి తిత్తి సాగదీశాడు. కంపు గుప్పుమంది.

"మా ఆవిడకి ఆయాసం బాబూ. ఒక్కసారి వాయించానంతే, రెండు రోజులు దగ్గుతూనే ఉంది. ఇది రాసినవాళ్లు తెరిచి చూశారా?"

తమ్ముడు గోడ వైపు చూశాడు.

"చూశానండీ" అంది కామాక్క.

"చూసే రాశారామ్మా?"

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. చెప్పులో పేడ చూసినట్టు ఒక్క చూపు చూసి ఊరుకున్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"ఒరేయ్, ఆయన డబ్బు ఆయనకిచ్చెయ్" అంది. ఆ గొంతు విని తమ్ముడు గల్లాపెట్టె తెరిచి లెక్కపెట్టి ఇచ్చాడు.

మర్నాటి నుంచి ఆమె పాత రాతలన్నీ చెరిపి కొత్తగా రాసింది. పగులు ఎంతుందో తెలిసేలా పక్కన నాణెం పెట్టి దగ్గరగా ఫొటో తీసింది. ఒక్కో మెట్టూ నొక్కి, పలికేవీ పలకనివీ రికార్డు చేసి పెట్టింది. అకార్డియన్ కింద, 'తిత్తి నిండా బూజు. లోపల ఎలుక చచ్చింది. ఎడమవైపు ఆరు మీటలు పలకవు. ఆయాసం ఉన్న ఇంటికి వద్దు. విడిభాగాలకైతే పనికొస్తుంది' అని రాసింది.

తమ్ముడికి ఒళ్లు మండిపోయింది. "ఎలుక గురించి రాస్తావా? నా కొట్టు పరువు నువ్వే బజారుకీడుస్తున్నావు!"

"ఎలుకను ఉంచింది నేనా? చదివి నీకే కడుపులో తిప్పుతోంది కదా. కొన్న ఆయనకెలా ఉండి ఉంటుందిరా?"

రెండు వారాలు ఒక్కటీ అమ్ముడుపోలేదు. తమ్ముడు ముఖం మాడ్చుకుని తిరిగాడు. తర్వాత దూరం నుంచి ఒక మరమ్మతు మేస్త్రి ఫోను చేశాడు. "మీరు రాసినట్టే ఉంటే ఆ ఎలుక పెట్టె నాకే కావాలండీ. ఏం పాడైందో ముందే తెలిస్తే సగం పని అయినట్టే" అన్నాడు. పగిలిన గిటారును కూడా అతనే పట్టుకెళ్లాడు. అతను చెప్పాడని ఇంకో ఇద్దరు వచ్చారు. కొన్నది తిరిగి తెచ్చి ముఖాన కొట్టినవాళ్లు మాత్రం మళ్లీ లేరు.

నెల తిరిగేసరికి తమ్ముడు వచ్చినవాళ్లతో, "మా దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్తామండీ, మొదట్నించీ నా పద్ధతి అదే" అని గొప్పలు పోవడం వెనక గదిలోకి వినిపించింది. కామాక్కకు ఆ మాట కూడా కంపు కొట్టింది. లేచి వెళ్లి, "ముందు ఈ గదికో కిటికీ పెట్టించరా" అంది. పెట్టించాడు. గాలి వస్తోంది. అసహ్యం మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు దాన్ని మింగడం లేదు, రాసేస్తోంది.