పొడుగు కడ్డీ ఉన్న బోరు

2015 ఎండాకాలం. నీటి పరీక్షల ల్యాబ్ టెక్నీషియన్‌గా మర్రిగూడ మండలంలో తిరుగుతున్న రోజులు. బోరు నీళ్లు సీసాలో పట్టడం, ల్యాబ్‌లో ఫ్లోరైడ్ ఎంతుందో చూడటం, కాగితం పంచాయతీకి ఇవ్వడం నా పని. ఫ్లోరైడ్ హద్దు దాటితే పిల్లల పళ్లు గారపడతాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంగిపోతాయి.

అంకెల కాగితం ఎవరూ చదవరని నాకు చిరాకు. అందుకని ఒక ఊళ్లో నాలుగు బోర్ల ఫలితాలను పంచాయతీ గోడ మీద బార్ చార్ట్‌గా గీశాను. కింద బోర్ల పేర్లు, ఒక్కో బోరుకు ఒక నీలం కడ్డీ. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే కడ్డీ అంత పొడుగు. పైన 'బోరు నీళ్ల పరీక్ష' అని రాశాను. కొలతల్లో వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాను కూడా.

నెలన్నర తర్వాత మళ్లీ సీసాలతో వెళ్లాను. అన్నిటికంటే పొడుగు కడ్డీ ఊరి చివర బోరుది. చూస్తే, దాని దగ్గరే బిందెల వరుస! పత్తి చేను చేసుకునే యాదమ్మ మూడేళ్ల కూతురిని పక్కన నిలబెట్టుకుని నీళ్లు పడుతోంది.

"అక్కా, గీ నీళ్లు తాగొద్దని గోడ మీద గీసిన గద?"

"తాగొద్దా? గదేంది సారూ! గీ బోరుదే అన్నిట్ల పొడుగున్నది. గా గోడకే బడిపిల్లల మార్కులు, నాటిన మొక్కలు గిట్లనే గీసిండ్రు. పొడుగున్నోళ్లే ఫస్టు. మా ఇంటి ముంగట బోరుది జానెడు గుడ లేదని ఇడిసిపెట్టి, గింత దూరం నడిసొస్తున్న. పిల్లకు మంచినీళ్లు తాపాలె గద."

వాళ్లింటి ముందున్నదే ఊళ్లో అన్నిటికంటే మంచి బోరు. ఆ మాట చెప్పాక ఆమె ముఖం మాడిపోయింది.

"నెలన్నర తాపిన సారూ. నా బిడ్డకు ఏమన్నయితదా?"

"నెలన్నరకే ఎముకలు వంగవక్కా, ఫికర్ చెయ్యకు. ఇయ్యాల్టి నుంచి మాత్రం వద్దు."

తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆమె బిందె ఒంపేసి, పిల్లను చంకనేసుకుంది.

ఆ రోజే సున్నం కొట్టించి చార్టు మళ్లీ గీశాను. అడ్డంగా నల్లటి హద్దు, దాన్ని దాటిన కడ్డీలకు ఎరుపు, పక్కన 'ఇవి తాగే నీళ్లు కావు' అని పెద్దక్షరాలు. గీశాక యాదమ్మను పిలిచి, ఏ నీళ్లు తాగాలో చూపించమన్నాను. ఆమె వేలు తన ఇంటి ముందు బోరు మీద ఆగాకే కుంచె కడిగాను.

ఇప్పటికీ ఏ చార్టు గీసినా, చూసేవాళ్ల చేత ఒకసారి చెప్పించుకుంటాను. ఆ మొదటి చార్టులో ఒక్క అంకె కూడా తప్పు లేదు. దాన్ని నమ్మి ఒక తల్లి ఇంటి ముందరి మంచినీళ్లను దాటుకుని వెళ్లి, కూతురి కోసం నెలన్నర పాటు చెడ్డనీళ్లు మోసింది.