ఆఖరి అధ్యాయం తొమ్మిదోసారి

"ఒడిసిందా?"

అయిపోయిందా అని, మూడేళ్లుగా నా చెవుల్లో ఈ ఒక్క మాటే. పొద్దున బోధన్‌లో బస్సెక్కితే పక్క సీటు అక్క అడుగుతుంది. నిజామాబాద్‌లో దిగి నేను పనిచేసే డీటీపీ షాపులో అడుగు పెట్టగానే, యజమాని భాయ్ చాయ్ గ్లాసు పైకెత్తి మరీ అడుగుతాడు. సాయంత్రం ఇంటికొస్తే అవ్వ, అంటే మా అమ్మ, అడుగుతుంది. నవల రాస్తున్నానని నలుగురికి చెప్పడమే నేను చేసిన మొదటి తప్పు. కడుపుతో ఉన్నదాన్ని అడిగినట్టు అడుగుతారు. ఆమెకైనా తొమ్మిది నెలలని ఒక గడువుంటుంది, నాకు అదీ లేదు.

అవ్వతో మరీ కష్టం. రెండో అధ్యాయంలో ఉండగానే నవలకు పేరు పెట్టేసి, సంబరంగా ఆమెకు చెప్పాను. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట" అంది. అంతటితో ఊరుకోలేదు. అప్పటినుంచి పక్కింటివాళ్లు అడిగినప్పుడల్లా "మా సోమలింగం ఇంక పుట్టలే" అని చెబుతుంది. వాళ్లు నవ్వుతారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

షాపులో రోజంతా ఇతరుల రాతలే టైపు చేస్తాను. పెళ్లి కార్డులు, దరఖాస్తులు, డిచ్‌పల్లి యూనివర్సిటీ నుంచి వచ్చేవాళ్ల సిద్ధాంత గ్రంథాలు. ఎంత చెత్తగా రాసినా వాళ్లవన్నీ పూర్తవుతాయి, అదీ నా బాధ! ఒకాయన నాలుగు వందల పేజీలు తెచ్చాడు. ఒకే పేరా మూడు చోట్ల ఉంది. "సార్, ఇది మళ్లీ వచ్చింది" అంటే, "ఉండనియ్యమ్మా, ఎవరు చదువుతరు?" అన్నాడు. ఆ పుస్తకం అట్ట మీద బంగారు అక్షరాలతో దర్జాగా వెళ్లిపోయింది. నేను వెనక గదిలోకి పోయి ఏడ్చాను.

ఇక ఉత్సాహం నింపే వీడియోలు. నా స్నేహితురాలు రోజూ ఒకటి పంపుతుంది. కోటు వేసుకున్న ఒకాయన "రోజుకో పేజీ రాస్తే ఏడాదికో పుస్తకం" అంటాడు. ఆయన ఎన్ని రాశాడో మాత్రం చెప్పడు. ఆ మాట నమ్మి గోడకు టైంటేబుల్ కూడా అంటించాను. ఇప్పుడు దాని వెనక ఒక బల్లి కాపురం పెట్టింది.

నిజానికి నేను రాయక కాదు. రెండు వందల డెబ్బై పేజీలున్నాయి. మొదటి అధ్యాయమే పద్నాలుగు సార్లు మార్చాను. మిగిలింది ఆఖరి అధ్యాయం. నవల ఒక చక్కెర ఫ్యాక్టరీ గురించి. మా బాపు పనిచేసి, మూతపడ్డ ఫ్యాక్టరీ లాంటిదే. అందులో బాపు పాన్‌మ్యాన్. పాన్ అంటే కిళ్లీ కాదు, ఇల్లంత ఎత్తుండే ఇనుప పాత్ర. చెరుకు రసం అందులో ఉడికి పాకమై, గింజ కట్టి చక్కెరవుతుంది. ఎప్పుడు దించాలో చెప్పేవాడు పాన్‌మ్యాన్. నా ఆఖరి అధ్యాయం ఆ ఫ్యాక్టరీ ఆఖరి రోజు. ఎనిమిది సార్లు రాశాను, ఎనిమిదీ అబద్ధంలాగే ఉన్నాయి. బాపును అడిగితే మూడేళ్లుగా ఒకటే జవాబు.

"ఏముంటది బిడ్డా? డ్యూటీ ఒడిసింది, ఇంటికొచ్చిన."

హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థ ఏటా కొత్తవాళ్ల మొదటి నవలలు అడుగుతుంది. రెండేళ్లు గడువు దాటిపోనిచ్చాను. ఈసారి గడువు సోమవారం. అదీ తప్పితే ఇక రాయనని, కంప్యూటర్‌లోంచి మొత్తం తీసేస్తానని భాయ్‌తో అన్నాను. నిజంగానే అన్నాను.

"తీసెయ్ బేటీ, నీ ఇష్టం" అన్నాడు భాయ్. "గని నాకొక ప్రింటు ఇచ్చి తీసెయ్. మా అబ్బా గూడ గా ఫ్యాక్టరీలనే పని చేసిండు."

వాళ్ల నాన్న మాట ఎత్తగానే ఇంకా కోపమొచ్చింది. వదిలేద్దామంటే వదలనివ్వరు.

ఆదివారం మధ్యాహ్నం ఎనిమిదో రూపం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే. విసుగొచ్చి మొత్తం గదిలోకి విసిరికొట్టాను. మంచం మీద కూర్చున్న బాపు వంగి ఒక కాగితం తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, అక్షరాల కింద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఆగాడు.

"గిదేంది? గీ పాన్‌మ్యాన్ పాకం నాలిక మీద ఏసుకొని సూస్తడా?"

"అవును. రుచి చూసి అయిందో కాలేదో చెప్తడు."

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలు చెప్పలే. నేనే అనుకున్న."

"నాలిక కాలి సస్తడు! ముప్పై ఏండ్లు చేసిన గా పని. ఒక్క సుక్క నోట్లె ఏసుకోలె. మిఠాయి దుకాణమనుకున్నవా?"

నాకు ఎక్కడో తెగింది. "మరి నువ్వెందుకు చెప్పవు బాపూ? మూడేండ్ల సంది అడుగుతున్న! చెప్పవు, ఇప్పుడు తప్పంటవ్. ఇగ నేనెట్ల రాయాలె?" అని అరిచాను. వంటింట్లోంచి అవ్వ వచ్చి గడపలో నిలబడింది.

బాపు లోపలికి పోయి సందూక పెట్టె తెరిచాడు. రుమాలులో చుట్టిన గాజు ముక్కను తెచ్చాడు. వేలెడంత పొడవుంది, ఒక మూల పగిలింది.

"గిదే నా నాలిక" అన్నాడు. "పాన్‌ల నుంచి సుక్క తీసి, దీని మీద రాసి, ఎలుగుకు పట్టి సూస్తం. గింజ కనవడ్తది. సన్నగుంటే ఇంక ఉడకనియ్యాలె. తయారైతే దించాలె. ఇంక జెర పెరుగుతది, ఇంక మంచిగైతది అని ఆశపడ్డవా, గడ్డకడ్తది. కిందికి దిగదు. ఇగ నీళ్లు పోసి కరగబెట్టుడే. గింజంత పాయె."

ఖాళీ గాజు ముక్కనే కిటికీ వైపు పట్టుకుని చూశాడు.

"ఆఖరు దినం గట్లనే అయింది."

"ఫ్యాక్టరీ బందయిన దినమా?" అన్నాను.

"మల్ల సీజన్ లేదని అందరికెర్కే. నా పాన్ తయారైంది. గసొంటి గింజ నేనెన్నడు సూడలె బిడ్డా. నా తోటోడు 'దించుదమా అన్నా' అని అడిగిండు. నేనేమో జెరాగు అన్న. మల్లడిగిండు. జెరాగు అన్న. దించితే ఒడుస్తది గద? చేతులు రాలె. గడ్డకట్టింది. ముప్పై ఏండ్లల్ల ఒక్క పాన్ ఖరాబ్ చెయ్యలె, ఆఖరుది ఖరాబ్ చేసిన. ఎవలకు చెప్పుకోవాలె? మీ అవ్వకు గూడ చెప్పలె."

ఎప్పుడూ ఒక మాట ఎక్కువే అనే అవ్వ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నాకు జాలి కలగాలి కదా? ముందు కోపమే వచ్చింది. ఇదొక్కటి మూడేళ్ల కింద చెప్పి ఉంటే! ఆ కోపం చల్లారాక ఆయన మొహం చూడడానికి సిగ్గేసింది.

బాపు కాగితాలన్నీ ఏరి నా ఒళ్లో పెట్టాడు. "నీది తయారైందా లేదా నాకెర్కలేదు. గని నువ్వు గూడ మూడేండ్ల సంది జెరాగు జెరాగు అంటున్నవ్."

ఆ మధ్యాహ్నమే కూర్చుని, బాపు చెప్పినట్టే తొమ్మిదోసారి రాశాను. వర్ణనలు లేవు. రెండు మూడు వాక్యాలు కుంటుతున్నాయని నాకే తెలుసు. పొద్దు గూకేసరికి అయిపోయింది.

సోమవారం షాపులో మెయిలుకు జతచేశాక వేలు ఆగిపోయింది. ఇంకొక్కసారి మొదటి అధ్యాయం చూస్తే? ఒక్క వారం ఆగితే? భాయ్ అటునుంచి "ఒడిసిందా?" అన్నాడు. పళ్లు కొరుకుతూ నొక్కేశాను. పోయిన మరుక్షణమే పదిహేడో పేజీలో ఒక తప్పు కనిపించింది. తల బల్లకేసి కొట్టుకోవాలనిపించింది. బదులుగా ఇంటికి ఫోన్ చేశాను.

"దించిన బాపూ" అన్నాను.

"గడ్డకట్టలే గద?"

"లేదు. దిగింది."

ఫోను కింద పెట్టిన చప్పుడైంది. అవ్వ దాన్ని అందుకుంది.

"ఏమన్నవే ఆయనను? ఏడుస్తుండు."

"ఒడిసింది అవ్వా" అన్నాను.