కాదనలేని పెదనాన్న

తిరువూరులో మా పెదనాన్న, గుమ్మంలోకొచ్చి అడిగినవాళ్లను ఏనాడూ కాదనలేదు. కంప్యూటర్ కొన్నాక దాన్నీ కాదనలేకపోయాడు. "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, తీసెయ్యమంటారా?" అని తెర మీద అడిగితే ఎస్ నొక్కి, సాయం పేరుతో వచ్చిన ట్రోజన్ అనే దొంగ ప్రోగ్రామ్‌ను తనే లోపలికి పిలిచాడు.

విజయవాడ నుంచి బస్సెక్కి వచ్చి, ఆదివారమంతా తలబాదుకుని, మొత్తం చెరిపేసి యాంటీవైరస్ వేశాను.

"నీకు దణ్ణం పెడతాను పెదనాన్నా, ఇకనుంచి ఏమడిగినా నో నొక్కు."

"మొహమ్మీదే కాదంటే ఏం బాగుంటుందిరా?" అని నసిగి ఒప్పుకున్నాడు.

వారం తిరక్కుండా కంప్యూటర్ మళ్లీ మొరాయించింది. పక్కింటాయన పెన్‌డ్రైవ్‌లో వచ్చిన కొత్త ట్రోజన్‌ను యాంటీవైరస్ పట్టుకుని, "తొలగించమంటారా?" అని అడిగిందట.

"నువ్వు చెప్పావని గుండె రాయి చేసుకుని నో నొక్కాన్రా!" అన్నాడు.