పెద్దమ్మ గదిలో పాత బల్బు

మొన్న గోదావరిఖని వెళ్లినప్పుడు మా వదిన ఇంట్లో అన్ని గదుల్లోనూ తెల్లటి ఎల్ఈడీ దీపాలు వెలుగుతున్నాయి. వాళ్లత్త, అంటే మా పెద్దమ్మ, మంచం పట్టి ఉన్న గదిలో మాత్రం పసుపు వెలుతురు చిమ్మే పాతకాలపు బల్బు వేలాడుతోంది. అలాంటివి ఇప్పుడు దొరకడమే గగనం. వదిన మంచిర్యాల దాకా మనిషిని పంపి తెప్పిస్తుందట. ఎందుకింత తంటా అని అడగబోయి ఆగిపోయాను. నాకు తెలుసు గనక.

అక్కడ బొగ్గుగనిని బాయి అంటారు. ఒకప్పుడు ఆ కాలనీలో గడియారం కన్నా బల్బుకే పరువెక్కువ. బాయిలోంచి మనుషులను పైకి లాగే పెద్ద మోటరు మొదలైందంటే చాలు, క్వార్టర్లన్నిటిలో బల్బులు ఎర్రబడి, మోటరు వేగం అందుకున్నాక మెల్లగా తేరుకునేవి. అది చూసి ఆడవాళ్లు స్నానానికి నీళ్లు పెట్టేవారు. ఈ శాస్త్రంలో పెద్దమ్మ దిట్ట. ఆమె కొడుకు, మా అన్న, గుమ్మంలో చెప్పులు విడిచేసరికి నీళ్లు పొగలు కక్కాలి. లేదంటే ఆ రోజు వదిన పుట్టింటివాళ్లంతా, పోయినవాళ్లతో సహా, పెద్దమ్మ నోట్లో పడి నలిగేవారు. అన్న నవ్వి ఊరుకునేవాడు.

ముసురుకు పట్టపగలే బల్బు వేసుకున్న ఒక రోజు, బాయిలో కప్పు కూలిందని, అన్న కింద చిక్కుకున్నాడని కబురొచ్చింది. వదిన పరుగెత్తబోతుండగా బల్బు ఎర్రబడి లేచింది. పెద్దమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మోటరు నడిచింది. నా కొడుకు పైకొచ్చిండు. నువ్వు పోయి నీళ్లు పెట్టు."

బల్బు ఇంత జల్దిగా ఎట్ల లేచిందని వదినకు అనుమానం రానే వచ్చిందట. కానీ అత్తకు ఎదురు చెప్పి ఎరగదు. నీళ్లు కాచింది. చల్లారితే మళ్లీ కాచింది. అక్కడ మోటరు నడవనే లేదు. మోటరు దాకా దారి మూసుకుపోతే తోటివాళ్లే అన్నను ఇంకో దారిన పైకి మోసుకొచ్చి దవాఖానలో పడుకోబెట్టారు. అప్పటికి మాట ఉంది. పెళ్లాన్ని పిలవమని అడుగుతూనే ఉన్నాడు. వస్తూనే ఉంటుందనుకున్నారు అందరూ. బాయిలో ఏదన్నా అయితే పెళ్లాలను పిలవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు మరి. చివరికి ఎవరో వెళ్లి తీసుకొచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు.

మా ఆయనది కరెంటు ఆఫీసులో ఉద్యోగం. పెద్ద లైన్లలో ఎక్కడ షార్టయితే ఏ ఊళ్లో వోల్టేజీ ఎంత పడిపోతుందో ముందే అంచనా కట్టడం ఆయన పని. దండేన్ని ఒకచోట గుంజితే పొడుగునా వంగినట్టే ఇదీ అని నాకు చాలాసార్లు చెప్పారు. అన్న దినాల నాడు విస్తరి ముందు కూర్చుని వదినకూ చెప్పారు.

"ఆ రోజు నది అవతల పెద్ద లైను మీద పిడుగు పడ్డది చెల్లె. మోటరైతే బల్బు మెల్లగ తేరుకుంటది. ఇది ఇట్ల పడి అట్ల లేస్తది. ఈడ ఎంత పడుతదని నేను లెక్క కట్టిన్నో, గంతే పడ్డది."

ఆ చివరి మాటలో ఆయనకు తెలియకుండానే కాస్త సంతోషం పలికింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన్ను అంతగా అసహ్యించుకున్న ఘడియ నాకు మరొకటి లేదు.

"అంటే అది మోటరు కాదా అన్నా?" అంది వదిన.

ఆయన కాదన్నారు. వదిన మెల్లగా తల తిప్పి అత్త వంక చూసింది. పెద్దమ్మ "మోటరే" అంది.

బాయి మూసేసి ఏళ్లయింది. మోటరును ఊడదీసి పట్టుకుపోయారు. ఇప్పుడు బల్బు ఎర్రబడిందంటే ఎక్కడో ఏ లైనుకో ఏదో అయినట్టు. ఎల్ఈడీలకు ఆ సంగతే పట్టదు. మొన్న మేం చాయ్ తాగుతుంటే ఉరుములు మొదలయ్యాయి. పెద్దమ్మ గదిలో వెలుతురు ఒక్కసారి కుంగి లేచింది. వదిన గ్లాసు కింద పెట్టి వెళ్లి, తీరిగ్గా నీళ్లు కాచి, పొగలు కక్కే బకెట్టు తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"అత్తా, నీ కొడుకొచ్చిండు. నీళ్లు తోడియ్యి."

గొంతులో కోపం కూడా లేదు. పెద్దమ్మకు కాళ్లు పడిపోయాయి గానీ మతి చెక్కుచెదరలేదు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఎప్పుడూ ఇంతేనా వదినా అని అడిగాను.

"వానకాలమైతే దినాం" అంది వదిన, మిగిలిన చాయ్ తాగుతూ.

కాలం అన్నిటినీ చల్లారుస్తుందంటారు. ఆ ఇంట్లో అది చల్లార్చగలిగింది నీళ్లను మాత్రమే. వాటిని వదిన మళ్లీ కాచుకుంటుంది.