యేసుదాసుగారి మోచెయ్యి

స్టెల్లాగారి గురించి చెప్పేముందు నా సంగతి ఒకటి చెప్పేస్తానండి. నా పెళ్ళి వీడియోలో మూడుముళ్ళు లేవు. సరిగ్గా ఆ టైముకి కెమెరా ఆయన బ్యాటరీ మార్చుకుంటున్నాడట. తలంబ్రాలున్నాయి, వంటవాళ్ళున్నారు, మా చినమావయ్య విస్తట్లో రెండో గారె కూడా ఉంది, తాళి కట్టడం మాత్రం లేదు. అందుకని కెమెరావాళ్ళంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట. ఇది ముందే చెప్పేస్తే, ఇక్కణ్ణుంచి వచ్చే కథలో ఎంత కారం ఆవిడదో, ఎంత నాదో మీరే చూసుకుంటారు.

నా పేరు వీరదుర్గ. ఏలూరులో ఒక కేబుల్ ఛానల్ ఆఫీసులో కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. రెండువేల ఐదు నుంచి మా ఛానల్లో ఆదివారం సాయంత్రం కచేరీల కార్యక్రమం వచ్చేది. హరికథలు, సన్నాయి కచేరీలు, చర్చిల్లో పాటల పండుగలు, ఎక్కడేం జరిగినా ఆ ఊరి వీడియోవాళ్ళు తీసిన టేపు తెచ్చి నా కిటికీలో ఇచ్చేవారు. చిన్న టేపు, గంట నిడివి. అది ప్రసారానికి పనికొస్తుందో లేదో చూసి చెప్పే పని స్టెల్లాగారిది. ఆవిడ వట్లూరు నుంచి వచ్చేవారు. లోపలి గదిలో ఒక టీవీ, టేపు వేసే డెక్కు ఒకటి, ఒక హెడ్‌ఫోను, ఆవిడ. చూశాక చీటీ రాసిస్తే దాన్ని టేపుకి రబ్బరుబ్యాండుతో కట్టి నేను తిరిగిచ్చేదాన్ని. చీటీ కింద "ఎస్" అని ఒక్క అక్షరం ఉండేది. ఆవిడెవరో బయటివాళ్ళకి తెలియదు.

ఆవిడ చూసే పద్ధతి వేరండి. ముందు టీవీకి వీపు పెట్టి కూర్చునేవారు. "పాట తర్వాత వినచ్చు వీరదుర్గగారూ, ముందు చప్పట్లు వినాలి" అనేవారు. చప్పట్లు రేకుల మీద వానలా మోగిపోతూ, పాడే మనిషి గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తుంటే, కెమెరాకున్న మైకుతోనే కానిచ్చేశారని అర్థమట. గొంతు దగ్గరగా, చప్పట్లు దూరంగా ఉంటే మైకుసెట్టు దగ్గర్నుంచి తీగ లాగి తీసుకున్నారని. ఒకసారి ఒక కచేరీలో చప్పట్లు మహా జోరుగా ఉన్నాయి. ఆవిడ మూడుసార్లు వెనక్కి తిప్పి, "ఈ దగ్గు వినండి" అన్నారు. ప్రతి పాట చివరా అదే మనిషి, అదే దగ్గు, అదే చోట. ఎక్కడివో చప్పట్లు తెచ్చి అతికించేశాడు మహానుభావుడు.

సౌండయ్యాక అది పూర్తిగా తీసేసి బొమ్మ చూసేవారు. లైటు ఎక్కువై మొహాలు సున్నం కొట్టినట్టున్నాయా, పెదవి ఒకచోట మాట ఒకచోట పడుతున్నాయా, ఇలాంటివి. అన్నిటికన్నా ఒకటుంది. "పాట ఎవరి దగ్గరుంటే కెమెరా వాళ్ళ దగ్గరుండాలి." ఈ మాట అనేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు గట్టిపడేది. ఎందుకో నాకు మూడు నెలల తర్వాత చెప్పారు.

వాళ్ళది కైకలూరు అవతల, కొల్లేటి అంచు ఊరు. నాన్నగారు యేసుదాసుగారు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగి, కొట్టి, చేపల లారీలకెత్తేవారు. ముప్పై ఏళ్ళ చలికి ఆయన వేళ్ళు పగిలి మొద్దుబారిపోయాయట. ఆ వేళ్ళతోనే ఆదివారం చర్చిలో హార్మోనియం. నేర్పినవాళ్ళు లేరు, విని పట్టుకున్నదే. కూతురు పాడేది, ఆయన వాయించేవారు. రెండువేల రెండులో తాడేపల్లిగూడెంలో పెద్ద పాటల కచేరీ పెట్టి వీళ్ళిద్దర్నీ పిలిచారు. చివరి పాట వీళ్ళదే. అందులో ఆయన ఒక్కరే వాయించే చోటుంది. అక్కడ జనం లేచి నిలబడ్డారట.

వీడియో తీసింది గూడెంలో స్టూడియో ఉన్న బుచ్చిబాబు. నెల తర్వాత సీడీలొచ్చాయి. యేసుదాసుగారు టీవీ, సీడీ ప్లేయరు అద్దెకి తెచ్చి, వీధిలోవాళ్ళందర్నీ పిలిచి, టీలు పెట్టించి కూర్చున్నారు. ముప్పావుగంట పైన చూశాక చివరి పాట వచ్చింది. కెమెరా దాతల మీద ఉంది. ఒక దాతకి శాలువా కప్పుతున్నారు, ఒక దాత ఆవలిస్తున్నాడు, ఇంకో దాత సెల్‌ఫోను చూసుకుంటున్నాడు. సౌండు సంగతి చెప్పక్కర్లేదు, పాట మీద అధ్యక్షులవారి గుసగుసలు. ఆయన ఒక్కరే వాయించే చోటికొచ్చేసరికి శాలువా పక్కనుంచి ఒక మోచెయ్యి కనిపించింది. మడిచిన చొక్కా చెయ్యి, దాని కింద మోచెయ్యి, అంతే.

"ఆ చొక్కా నాదేనర్రా" అన్నారట యేసుదాసుగారు. అందరూ నవ్వారు. గ్లాసులు ఇచ్చేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన హార్మోనియం పెట్టె ముట్టుకోలేదు. రెండేళ్ళకి పోయారు.

ఆయన వాయించినట్టు ఎక్కడా ఒక క్యాసెట్టు ముక్క లేదు, ఫోటో లేదు. "మొహం ఉందండి, ఓటరు కార్డులో" అన్నారు స్టెల్లాగారు. "మా నాన్న చేతులు చూడాలనుంది. అవే లేవు. ఆ మనిషి నాకు కనిపిస్తే వదలనండి." ఆవిడ అంత మాట అనడం నేను అంతకుముందు వినలేదు. "ఎప్పుడో ఒకప్పుడు మన కిటికీకి రాకపోడండి" అన్నాను.

రెండువేల ఆరులో వచ్చాడు. నెరిసిన మీసం, నెమ్మదైన మాట. "ఏవండీ, గూడెం నుంచి బుచ్చిబాబునండి, టేపు తెచ్చానండి" అన్నాడు. ఆ టేపు పట్టుకుని లోపలికి పరిగెత్తాను. వాడి జుట్టు తెచ్చి ఆవిడ చేతికిస్తున్నంత సంబరం నాకు.

మొదట్లో చీటీలన్నీ న్యాయమైనవేనండి, అబద్ధమెందుకు చెప్పాలి. "గాయని పాడుతుండగా కెమెరా శాలువా మీద ఉంది. పాట ఎవరి దగ్గరుంటే కెమెరా వాళ్ళ దగ్గరుండాలి. పనికిరాదు." రెండోది, "చప్పట్లే ఉన్నాయి, పాట లేదు. పనికిరాదు." కిటికీ దగ్గర నిలబడి చదువుకుని, "అలాగేనండి" అని మడిచి జేబులో పెట్టుకుని పోయేవాడు. తిరస్కరించిన టేపు మీదే ఇంకో కచేరీ తీసుకుని మళ్ళీ వచ్చేవాడు. వీడియోవాళ్ళందరూ అంతే, పనికిరాని టేపుని దాచుకోరు, దాని మీదే మళ్ళీ తీస్తారు.

వచ్చిన చిక్కేమిటంటే, వాడు బాగుపడటం మొదలెట్టాడు. ఏడో టేపుకి తీగ లాగి సౌండు తీసుకున్నాడు. తొమ్మిదోదానికి వయొలిన్ వాయిస్తుంటే వయొలిన్నే చూపించాడు. మాకది అక్కర్లేదు కదండీ. అప్పట్నుంచి చీటీలు చిన్నవయ్యాయి, ముల్లు పెద్దదయింది. "ఫ్యాను చప్పుడు. పనికిరాదు." "మూడో వరుసలో పిల్లాడి ఏడుపు. పనికిరాదు." అవి చదివి నేను నవ్వేదాన్ని. వేరేవాళ్ళ టేపుల్లో అంతకన్నా పెద్ద ఏడుపులు ప్రసారమయ్యాయి మరి. ఇంట్లో చెబితే మా ఆయన "పోనీవే పాపం" అన్నారు. "మూడుముళ్ళు చూపించండి, పోనిస్తాను" అన్నాను.

రెండువేల ఏడులో మా ఛానల్ యజమాని హనుమంతరావుగారు పాత కచేరీలు కూడా వేద్దామన్నారు. బుచ్చిబాబు ఒక టేపు తెచ్చాడు. మీద లేబులు అంటించుంది, "తాడేపల్లిగూడెం పాటల కచేరీ, 2002."

స్టెల్లాగారు అది చదివి చాలాసేపు చేతిలోనే పట్టుకున్నారు. తర్వాత డెక్కులో పెట్టారు. అధ్యక్షులవారు, దండలు, ప్రార్థన. ఐదు నిమిషాలు చూసి ఆపేశారు. "ఆ మోచెయ్యి మళ్ళీ చూడమంటాడా" అన్నారు. ఎవరి దగ్గునో మూడుచోట్ల పట్టుకున్న మనిషండి ఆవిడ. ఈ కెమెరా ఇంకో పక్కనుంచి చూస్తోందని ఆవిడకి తెలియలేదు. నాకెలాగూ తెలియదు. చీటీ మీద "పనికిరాదు" అని ఒక్క ముక్క రాశారు.

నేను తిరిగిచ్చాను. వాడు కాసేపు తటపటాయించి, "ఇది పాతదండి. ఉంచమంటారా?" అని అడిగాడు. "చెత్త దాచుకోవడమెందుకండీ, దీని మీద ఇంకేదైనా తీసుకోండి" అన్నాను. అనేసి రుచిగా టీ తాగాను కూడా.

మూడు వారాలకి ఇంకో టేపు వచ్చింది, కైకలూరులో చేపల వ్యాపారుల సంఘం పెట్టిన కచేరీ. ఈలోగా హనుమంతరావుగారి చెవిన పడింది. "ఆయనవి పద్నాలుగు తిప్పేశారటండి. ఈసారి ఆఖరుదాకా చూసి, కారణం వివరంగా రాయండి" అని స్టెల్లాగారికి చెప్పారు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. నేనూ కిటికీ వదిలి వెళ్ళి వెనకాల నిలబడ్డాను.

తప్పు దొరకలేదండి. చప్పట్లు ఉండాల్సిన దూరంలో ఉన్నాయట. తబలా వాయిస్తుంటే తబలా మీద ఉన్నాడు, గాయకుడు ఊపిరి తీసుకుంటే ఆ ఊపిరి వినబడిందట. చెరువు గట్టు పురుగులు లైటుకి మూగుతున్నా ఒక్కటీ అద్దం మీద వాలలేదు. యాభై ఆరు నిమిషాలయ్యాయి. మంగళం పాడేశారు. "ఆపకండి, చివర్లో ఎక్కడో ఒకచోట దొరక్కపోడు" అన్నాను నేను. ఆవిడా ఆపలేదు.

బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదిరింది. ఇంకో స్టేజీ వచ్చింది. హార్మోనియం, దాని మీద రెండు చేతులు.

మొద్దు వేళ్ళు, కణుపుల దగ్గర పగుళ్ళు. కుడి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆ చేతులు అంత మెత్తగా కదులుతాయని ఎవరనుకుంటారు. పక్కన పాతికేళ్ళైనా లేని స్టెల్లాగారు ఆయన వైపే చూస్తున్నారు. నా ముందు కూర్చున్న స్టెల్లాగారు హెడ్‌ఫోను తీగ పీకేశారు, గదిలోకి పాట వచ్చింది. ఆయన ఒక్కరే వాయించే చోటు అప్పటికే సగమయిపోయింది. ఆ మిగిలిన సగం, ఆవిడ పాడిన ఒక చరణం, చప్పట్లు. నాలుగు నిమిషాలకి టేపయిపోయింది.

"చప్పట్లు దూరంగా ఉన్నాయి" అన్నారు స్టెల్లాగారు.

టేపు బయటికి తీసి, మొట్టమొదటిసారి ఆవిడే కిటికీ దగ్గరికొచ్చారు. బుచ్చిబాబు బల్ల మీంచి లేచాడు. "నమస్కారమండి. తమరేనా అండి ఎస్ గారు? మీ చీటీలు పదమూడు స్టూడియో గోడకి అంటించుకున్నానండి, ఆఖరుది ఇంకా జేబులోనే ఉంది. అవి చదివే పని నేర్చుకున్నాను."

"ఈ టేపు మీద అంతకుముందేముందండి?" అన్నారు ఆవిడ.

"గూడెం కచేరీ అండి, మొన్న మీరు వద్దన్నదే. అప్పట్లో ఈ చిన్న కెమెరా కొత్తగా కొన్నానండి. ఎలా వస్తుందో చూద్దామని స్టేజీ పక్కన పెట్టి, మైకుసెట్టు తీగ దానికి తగిలించాను. సీడీలో మాత్రం పెద్ద కెమెరాదే వేశాను. దాతలు కనపడకపోతే ఊరుకోరు కదండి. తప్పు పనేనండి అది. పాట ఎవరి దగ్గరుంటే కెమెరా వాళ్ళ దగ్గరుండాలని మీరు రాశారు చూడండి, అప్పుడు గుర్తొచ్చి అటకంతా వెతికి పట్టుకున్నాను. ఆ హార్మోనియం ఆయన పాట మొత్తం ఉందండి అందులో, చేతులతో సహా."

"కాపీ ఉందా?"

"లేదండి. మీరు పనికిరాదన్నాక ఇంకెందుకండి. మీ మాటంటే నాకు గురి అండి."

టేపు అంచున చిన్న మీట ఉంటుంది. అది పక్కకి జరిపితే ఆ టేపు మీద ఇంకెవరూ ఏమీ తియ్యలేరు. వీడియోవాళ్ళు దాని జోలికి పోరు. స్టెల్లాగారు గోటితో ఆ మీట జరిపారు. "కైకలూరు కచేరీ బాగుందండి. ఆదివారం వేస్తాం. ఈ టేపు నేనుంచుకుంటాను" అని లోపలికి వెళ్ళిపోయారు.

నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేకపోయాను, నాకింకా కసి తీరలేదు. కిటికీలోంచి వంగి, ఒక్కో మాటా ఒత్తి చెప్పాను. "ఆ హార్మోనియం ఆయన ఆవిడ నాన్నగారండి. పోయి మూడేళ్ళయింది. ఆయన వాయించింది లోకంలో ఇంకెక్కడా లేదు. ఉన్నదొక్కటీ మీరు చెరిపేశారు."

అతను జేబులోంచి ఆ ఆఖరి చీటీ తీసి చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, నా మీద నిష్ఠూరమేమీ లేకుండా, జరిగింది గుర్తు చేసుకుంటున్నట్టే అన్నాడు. "ఉంచమంటారా అని అడిగానండి ఆ రోజు. దీని మీద ఇంకేదైనా తీసుకోండని మీరే అన్నారు కదండీ."

నేను కిటికీ తలుపు వేసేశాను. లోపలి గదిలో ఆ నాలుగు నిమిషాలు మళ్ళీ మొదలయ్యాయి.