వాంతి అయితే మందు పట్టినట్టే

మొన్న షుగరు పరీక్షకని తిరుపతిలో ఆసుపత్రికి వెళ్లి కూర్చుంటే, పక్కనున్న పెద్దాయనకు ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఓపిగ్గా చెబుతోంది. కాలేయంలోని క్యాన్సరు గడ్డలో కొన్ని ఎంజైములు ఎక్కువగా ఉంటే, కీమో మందు పనిచేయకముందే అవి దాన్ని విరిచేస్తాయట. రక్తంలో వాటి ఆనవాలు పట్టి, మందు ఎవరికి పనిచేయదో ముందే తెలుసుకోవాలని పరిశోధనలు జరుగుతున్నాయట. వింటూంటే నాకు మా నాయన గుర్తొచ్చాడు.

నాయనకు చిత్తూరులో మామిడికాయల మండీ ఉండేది. మన ఈడువాళ్లకు తెలియనిదేముంది, అప్పట్లో కామెర్లంటే ముందు పసరు మందే; పరగడుపున పసరు తాగించి, ఉప్పులేని పథ్యం పెట్టి, పచ్చగా వాంతి అయితే రోగం బయటపడిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునేవాళ్లం. చిన్నప్పుడు నాకూ అలాగే తగ్గింది; పసరు వల్ల తగ్గిందో, తనంతట తానే తగ్గిందో ఎవరికి తెలుసు. నాయనకు కాలేయంలో క్యాన్సరు గడ్డ అని తేలి తిరుపతిలో కీమో మొదలుపెట్టినప్పుడు, ఆయన ఆ నమ్మకాన్నే ఆసుపత్రికీ వెంటబెట్టుకు వచ్చాడు. మందు ఎక్కించిన మర్నాడు పేగులు నోట్లోకొచ్చేలా కక్కుకుంటూ కూడా, పక్కనే కళ్లు తుడుచుకుంటున్న అమ్మను ఆయనే ఓదార్చేవాడు.

"ఏడవబాకమ్మే, లోపలుండే విషమంతా బయటికొస్తా ఉండాది."

కొన్ని విడతలయ్యాక గడ్డ తగ్గకపోగా పెరిగిందని, మందుకు లొంగడం లేదని, ఒంట్లో కాస్త శక్తి ఉండగానే ఇంటికి తీసుకెళ్లమని పెద్ద డాక్టరు చెప్పాడు. సరిగ్గా మామిడి కాపు దిగే రోజులవి. ఆ ఒక్క సీజనైనా మండీలో కూర్చోవాలని నాయనకు ప్రాణం కొట్టుకుంటుండేది. అయినా ఇంటికి రానన్నాడు. ఇంతగా కక్కిస్తున్న మందు పనిచేయడం లేదంటే ఆయన ఎలా నమ్ముతాడు? డాక్టరును బతిమాలి ఇంకో విడత ఎక్కించుకున్నాడు. దాంతో మంచం పట్టి, మండీ ముఖం చూడకుండానే తిరుపతిలోనే కన్నుమూశాడు.

మందు పనిచేయదని ముందే తెలిసుంటే నాయన బతికేవాడని నేననను. ఆ వేసవి మాత్రం ఆయనకు దక్కేది, నలుగురితో వేళాకోళమాడుతూ మండీలో కాయ కోసి రుచి చూసేవాడు. అదే నన్ను తొలిచేస్తోంది.

ఎనభై దాటిన అమ్మ ఇప్పటికీ ఎవరడిగినా ఒకటే మాట చెబుతుంది.

"మందు బాగానే పట్టింది, ఆయన ఆయుస్సే సాల్లేదు."

రాబోయే రోజుల్లో ఇలాంటివన్నీ ముందే తెలుస్తాయేమో, తెలియాలి కూడా. ఆయన పడ్డ యాతన వృథాగా పోయిందని అమ్మకు మాత్రం నేను చెప్పలేదు.