చిల్లు పూడ్చిన కుండ

మధ్య అమెరికాలో పూర్వం మాయా ప్రజలు కుండలకు చిల్లు పెట్టి, పోయినవాళ్ళ కోసం గుహల్లో వదిలేవారని ఎన్నోసార్లు చదివాను. అయినా ములకలపల్లి అవతల అడవిలో, ఒక గుహలో చిల్లుకుండ కనిపిస్తే పురాతన వస్తువని సంబరపడి ఇంటికి తెచ్చుకున్నాను. చిల్లును సిమెంటుతో పూడ్చి పుస్తకాల అరలో పెట్టాను.

మొన్న వేసవిలో నా భార్య పోయింది. నీళ్ళకుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరుగుతుంటే, వెనక నుంచి తమ్ముడు దానికి చిల్లు పెట్టాడు. నీళ్ళు నా వీపు మీదుగా కారాయి. ఇంట్లో నేను చిల్లు పూడ్చిన కుండ గుర్తొచ్చింది.

పెద్దకర్మ అయ్యాక దాన్ని తీసుకుని గుహ దగ్గరి గూడేనికి వెళ్ళాను. ఒక ముసలాయన తిప్పి చూశాడు.

"ఇది మా అమ్మది సారూ. ఆమె పోయినంక నేనే చిల్లు చేసి ఆడ పెట్టిన. గిట్ల పూడ్చిండ్రేంది?"

"పాతకాలంది అనుకున్నాను."

"అవ్, మా అమ్మ పాతకాలందే," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆయన మేకు, రాయి తెచ్చిచ్చాడు. "మీరే తియ్యుండ్రి."

సిమెంటు గట్టిపడిపోయింది. కుండ పగలకుండా ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. పని అయ్యేదాకా నేను తలెత్తలేదు.